తడిసిన నూలు, బురుజు నీడ

పులివెందులలో మేముండే వీధి చివర ఉన్నత పాఠశాల ఉన్నది. ఉద్యోగ విరమణ తర్వాత వారానికి రెండు రోజులు ఆ బడికి వెళ్ళి ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పి వస్తున్నాను. పోయిన నెలలో ప్రధానోపాధ్యాయురాలు కబురు చేసి, పిల్లలను గండికోటకు విహారయాత్రకు తీసుకుపోతున్నామనీ, పెద్దదిక్కుగా నేను కూడా రావాలనీ కోరారు. కాదనలేకపోయాను. కోటలో అడుగుపెట్టీ పెట్టకముందే ఒక ఏడవ తరగతి అమ్మాయి తన అన్నను బతిమాలి తెచ్చుకున్న ఫోనును పైకెత్తి, ఒంటరిగా నిలిచిన సన్నని బురుజుకు గురిపెట్టింది. రెండు క్షణాలలో తెర మీద ఒక అంకె వెలిగింది. "ఇంత ఎత్తుంది మేడమ్!" అని సంతోషంగా చూపించింది. ఆ అంకె ఎట్లా వచ్చిందమ్మా అని అడిగాను. "ఏమో మేడమ్, అదే చెప్తాది" అన్నది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. కానీ అదే బురుజు పాదం దగ్గర, అదే అంకె కోసం చిన్నప్పుడు నేను ఒక పగలంతా పడిన పాట్లు నాకు గుర్తుకు వచ్చి, అక్కడున్న రాతి అరుగు మీద కూర్చుండిపోయాను. నా చదువు కొనసాగుతుందా, ఏడవ తరగతితో ముగిసిపోతుందా అన్నది ఆ పగలే తేలింది.

మాది ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగుకు పోయే దారిలో రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న నేతగాళ్ళ ఊరు. మా వీధిలో ప్రతి ఇంటి ముందుగదిలోనూ గుంత మగ్గం ఉండేది. తెల్లవారేసరికి వీధి పొడవునా నిలువు పోగుల పడుగు సాగదీసి కట్టెల మీద నిలిపేవారు. ఆడవాళ్ళూ మగవాళ్ళూ దానికి అటూ ఇటూ నిలబడి, కుంచెలతో బియ్యపు గంజి పట్టిస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేవారు. ఎండ ముదరకముందే ఆ పని అయిపోవాలి. పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, పొయ్యి మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన కలిసి మా వీధికి ఒక ఒంటి వాసన ఉండేది. ఎంత దూరం నుంచి వచ్చినా ఆ వాసన తగిలితే ఇల్లు చేరినట్టే. మా నాయన ఒకసారి మగ్గం గుంతలో కాళ్ళు దింపితే మధ్యాహ్నం దాకా నడుము పైభాగమే మాకు కనిపించేది. ఆయన మాట్లాడేది తక్కువ. ఇంట్లో నిర్ణయాలన్నీ మా అమ్మ లక్ష్ముమ్మవి. ఆమె నూలు పోగును పెదవికి తాకించి అందులో తడి ఎంతున్నదో చెప్పేది. బజారులో నూలు కొనేటప్పుడు కూడా అంతే. అంగడిలోవాళ్ళు నవ్వినా లెక్కచేసేది కాదు.

నా పని కండెలు చుట్టడం. అడ్డంగా నేసే పేక నూలును చిన్న పుల్లలకు చుట్టి నాయనకు అందించాలి. అందించే ముందు ఆ కండెలను నీళ్ళలో ముంచి పిండేదాన్ని. తడిపిన నూలు తెగదు, నేతలో గట్టిగా కూర్చుంటుంది. నేతగాళ్ళ ఇంటిలో పుట్టిన పిల్లలకు ఇది నేర్పవలసిన పని లేదు. నూలు చేతికి వస్తే చెయ్యి దానంతట అదే నీళ్ళ వైపు పోతుంది. ఈ అలవాటే తర్వాత నా పాలిట ఎంత పని చేసిందో చెప్పబోతున్నాను.

మా ఊరి బడి ఏడవ తరగతి వరకే. ఎనిమిదికి ప్రొద్దుటూరు పోవాలి. మా ఇంట్లో గానీ, మా అమ్మ పుట్టింట్లో గానీ అంతవరకు ఎవరూ ఏడు దాటలేదు. ఆ బడికి లెక్కల సార్‌గా ప్రొద్దుటూరు నుంచి రోజూ సైకిల్ మీద సుబ్బరాయుడు సార్ వచ్చేవారు. సన్నగా, పొడవుగా ఉండేవారు. ఆయన పాఠం సగం గదిలో, సగం ఆవరణలో జరిగేది. "ఎక్కకుండా ఎత్తు చెప్పగలరా?" అని అడిగి మమ్మల్ని బయటికి తీసుకుపోయేవారు. ఒక కట్టె నిలబెట్టి దాని నీడ కొలిపించేవారు, అదే నిమిషంలో జెండా కొయ్య నీడ కొలిపించేవారు. కట్టెకు దాని నీడ ఎంతో, కొయ్యకు దాని నీడ అంత అనేవారు. కొలిచేది ఆలస్యమైతే ఒప్పుకునేవారు కాదు. "ఎండ మీకోసరం నిలబడదు" అని తొందరపెట్టేవారు. చిన్న నీడకు చెక్క స్కేలు, పెద్ద నీడకు దారం. మగ్గం మీద చీర దిగిన తర్వాత మిగిలే పడుగు కొసలను ఇళ్ళ నుంచి తెచ్చి, మేమే పేని, మీటరు మీటరుకు ఒక ముడి వేసి తయారుచేసుకున్న దారం అది. దాన్ని భద్రంగా ఉంచే బాధ్యత నాది. మూడు నెలలలో జెండా కొయ్య, వేపచెట్టు, ఊరి నీళ్ళ ట్యాంకు అన్నీ కొలిచేశాము. ఇంక మా ఊళ్ళో మాకంటే ఎత్తైనది ఏదీ మిగలలేదని మా తరగతిలో అందరికంటే వాగుడుకాయ అయిన ఓబులేసు ప్రకటించాడు. అప్పుడు సార్ గండికోట పేరు చెప్పారు.

యాత్రకు ఒప్పించడానికి సార్ ఇల్లిల్లూ తిరిగారు. మా ఇంటికి వచ్చినప్పుడు నేను గోడ పక్కన రాట్నం ముందు కూర్చుని ఉన్నాను.

"దీని చదువు ఈ ఏటితో చాలు అయ్యోరా" అన్నది అమ్మ, ఆయన నోరు తెరవకముందే. "ఎనిమిదికి పొద్దుటూరు పోవల్లంటే పొద్దన పోయి మాపటేళకు వస్తాది. కండెలు ఎవురు చుడతారు? ఆయప్ప గుంతలో దిగినాక అందిచ్చే మనిషి ఉండల్ల గదా."

"ఆ మాట తర్వాత మాట్లాడుకుందాంలే లక్ష్ముమ్మా. ఇప్పుడు నేను అడిగేది ఒక్క దినం. గండికోటకు పంపు."

"గండికోటకా! ఆడ లోయలోకి తొంగిచూస్తే మొగోళ్ళకే కండ్లు తిరుగుతాయంట. నేను పంపను."

"అయితే నువ్వే వెంట రా. నలుగురు ఆడపిల్లలకు ఒక తల్లి వస్తేనే నేనూ తీస్కపోతా."

మగ్గంలోంచి నాయన మెల్లగా "పోనీలేమ్మే, ఒక దినమే గదా" అన్నాడు.

"నువ్వు నేసుకో" అన్నది అమ్మ. తర్వాత సార్ వైపు తిరిగి, "వస్తా. దీని జడ మాత్రం నా చేతిలోనే ఉంటాది, ముందే చెప్తాండా" అన్నది.

ఆమె రాదని సార్ అనుకున్నట్టున్నారు. ఒక నిమిషం తబ్బిబ్బై, నవ్వుకుంటూ సైకిల్ ఎక్కారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. చదువు చాలన్న మాట అమ్మ బయటివాళ్ళ ముందు అనడం అదే మొదటిసారి. ఇంట్లో అన్న మాట మారవచ్చు. వీధిలో అన్న మాటను అమ్మ వెనక్కి తీసుకోవడం నేను ఎన్నడూ చూడలేదు.

జొన్నరొట్టెలు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మూటలు కట్టుకుని బస్సులో జమ్మలమడుగు దాకా, అక్కడి నుంచి ఇంకొక బస్సులో కోట దాకా పోయాము. పదిహేను మైళ్ళ దూరంలో పుట్టి పెరిగినా మా అమ్మ ఆ లోయను అంతకుముందు చూడలేదు. పెన్న ఎర్రని రాతి గోడల మధ్య అంత లోతున పారుతుంటే, ఒక చేత్తో నా జడ పట్టుకుని, ఇంకొక చేయి నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఎవురు కోసినారో గానీ, అంచు ఎంత చక్కగా కోసినారు" అన్నది చివరికి. లోయను చూసినా ఆమెకు చీరే గుర్తుకు వచ్చింది.

బురుజు దగ్గర కాపలా ఉండే మస్తాన్ తాత మమ్మల్ని చూసి గడ్డం నిమురుకున్నాడు. అంతకుముందు ఎప్పుడో మరమ్మతులు జరిగినప్పుడు బురుజు పైనుంచి కిందికి వేలాడదీసి, నేల తగిలిన చోట కోసిన నారతాడు ఒకటి ఆయన గదిలో చుట్టిపెట్టి ఉందట. దాని పొడవు ఎంతో పనివాళ్ళు మీటర్లలో కొలిచి ఆయనకు చెప్పిపోయారట.

"ఎంతమంది అయ్యోర్లు వచ్చినారో ఈడికి" అన్నాడు. "అందరూ ఎగాదిగా చూసి ఒక అంకె చెప్పి పోతారు. ఒక్కరిది గూడా నా తాడుకు సరిపోలే. మీరూ చెప్పండి చూద్దాం."

బురుజు నీడ కూలిన రాళ్ళ గుట్ట మీదుగా పడింది. స్కేలు పెట్టడానికి వీలులేదు. గుట్టకు పైన దారాన్ని బిగువుగా పట్టి కొలవాలి. దారం ఉండ నా సంచిలో ఉన్నది. తీసి చూస్తే ఎండకు గరుకుగా, పెళుసుగా కనిపించింది. రాయికి రాసుకుని తెగితే అంతా పాడవుతుందని భయం వేసింది. ఎవరినీ అడగలేదు. తాత కడవలోని నీళ్ళు ఒక చెంబుతో తీసుకుని, ఉండను ముంచి, కండెను పిండినట్టే పిండాను. తర్వాత ఒక కొస నేను, ఇంకొక కొస ఓబులేసు పట్టుకుని నీడ కొలిచాము. నీడ బురుజు మధ్య నుంచి మొదలైనట్టు లెక్క గనక బురుజు మందంలో సగం కలపమని సార్ చెప్పారు, కలిపాము. కట్టె నీడను ఇద్దరు పిల్లలు స్కేలుతో కొలిచారు. నోటు పుస్తకంలో లెక్క చేసి, నేనే లేచి నిలబడి అంకె చెప్పాను.

"ఎక్కువ జెప్పినారు" అన్నాడు మస్తాన్ తాత.

"ఎంత ఎక్కువ తాతా?"

"అది గూడా నేనే జెప్తే ఇంక మీ లెక్కేంది?"

"తాతా, నీ తాడే పొట్టిదేమో!" అన్నాడు ఓబులేసు.

"నా తాడు పైనుంచి కిందికి దిగిన తాడు రా అబ్బీ. నీ నోరే పొడువు."

పిల్లలంతా నవ్వారు. ఆ నవ్వుల మధ్య, నా వెనక నుంచి అమ్మ గొంతు, ఎవరితోనూ కాకుండా తనలో తాను అనుకుంటున్నట్టు వినిపించింది: "ఇంతమాత్రం దానికా ఏడేండ్లు పోయింది బడికి?" లోయ అంచున నిలబడినప్పుడు తిరగని నా కళ్ళు అప్పుడు తిరిగాయి. ఇంటికి పోయిన తర్వాత ఈ మాటే నాయనతో అంటుంది. నాయన తల ఊపుతాడు. అంతటితో సరి.

సార్ దారాన్ని స్కేలు పక్కన పరిచి చూశారు. ముడికీ ముడికీ మధ్య మూడు వేళ్ళ దూరం తగ్గి ఉంది. దారం పొట్టిదైతే ముళ్ళు ఎక్కువ పడతాయి, లెక్క పెరుగుతుంది. "తడిగా ఉందే. ఎవరు తడిపినారు?" అని అడిగారు. నేను తడిపాను సార్ అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. చెప్పినా అమ్మకు తెలిసిపోయేది, ఆమె అప్పటికే దారం కొసను పెదవికి తాకించి చూస్తున్నది.

"పేక నూలు తడుపుతారు గానీ కొలిచే నూలు తడుపుతారామ్మే?" అన్నది నాతో.

సార్ తల పట్టుకున్నారు. "ముళ్ళన్నీ విప్పి మళ్ళా వెయ్యల్ల. తడి ముళ్ళు ఊడిరావు. ఊడినా, మళ్ళా వేసేలోపల దారం ఆరి ఇంకొక తీరుగా మారుతాది. ఆ పొద్దుకు బస్సు పోతాది."

అమ్మ నా జడ వదిలిపెట్టి ముందుకు వచ్చింది. "విప్పేది ఎందుకు అయ్యోరా? ఆ కట్టె నీడను దేంతో కొలిచినారు?"

"స్కేలుతో."

"ఈ పెద్ద నీడను?"

"దారంతో."

"అదే గదా మీరు చేసిన తప్పు. రెండిటినీ ఈ దారంతోనే కొలవండి. కుంచించుకుంటే రెండిటికీ ఒకే తీరు కుంచించుకుంటాది. అంచుకు ఒక నూలు, ఒడలికి ఒక నూలు పెట్టి నేస్తే చీర ఒక్క ఉతుక్కే ముడతలు పడతాది. అంతా ఒకటే నూలయితే, ఎంత కుంచించుకున్యా చీర చీరే."

సార్ చిన్నపిల్లవాడిలా నవ్వారు. "లక్ష్ముమ్మా, నేను ఈ పిల్లోళ్ళకు మూడు నెల్ల నుంచి గొంతు చించుకుని చెప్తాండేది ఇదే. పుస్తకంలో దీన్ని నిష్పత్తి అంటారు."

"దీనికి పేరు గూడా ఉందా?" అన్నది అమ్మ.

నీడ అప్పటికే జరిగింది గనక రెండు నీడలనూ మళ్ళీ కొత్తగా పట్టుకోవాలి. ఈసారి ఓబులేసును తప్పుకోమని, ఒక కొస అమ్మ పట్టుకుంది. ముళ్ళతో పని లేదన్నది. కట్టె నీడ ఎంత ఉన్నదో దారం మీద వేళ్ళతో అదిమి పట్టుకుని, బురుజు నీడలో అది ఎన్ని మార్లు పడుతుందో లెక్కపెట్టమన్నది. రాళ్ళ గుట్టకు పైగా ఆమె దారాన్ని లాగి పట్టిన బిగువు మా ఎవరి చేతిలోనూ లేదు. పడుగు పట్టే చెయ్యి అది. నేను లెక్కపెట్టాను. బురుజు మందంలో సగాన్ని కూడా అదే దారంతో కొలిచి కలిపాము. నీడ ఎన్ని కట్టె నీడలో, బురుజు అన్ని కట్టెలు. కట్టె ఎత్తు బడిలోనే స్కేలుతో కొలిచి పెట్టుకున్నది, అందులో తడి లేదు, పొడి లేదు. హెచ్చవేసి అంకె చెప్పాను.

మస్తాన్ తాత గదిలోకి పోయి, తాడు చుట్ట భుజాన వేసుకుని వచ్చి, చదునుగా ఉన్న చోట నేల మీద పరిచాడు. సార్ స్కేలు పెట్టుకుంటూ పోయారు. పిల్లలందరూ మోకాళ్ళ మీద పాకుతూ ఆయన వెంటే పోయారు. చివరి కొస దగ్గర స్కేలు ఆగింది. మా అంకెకూ తాడుకూ తేడా జానెడు కూడా లేదు. ఓబులేసు వేసిన కేక లోయలోకి పోయి తిరిగి వచ్చింది. ఆ కేక తర్వాత ఎవరు ఎవరిని పట్టుకుని ఎగిరారో నాకు గుర్తు లేదు. సార్ మాత్రం తన కండువా తీసి గాలిలో తిప్పడం గుర్తుంది.

"పాపా, మీ అమ్మ యాడిదాంక చదివింది?" అని అడిగాడు తాత, తాడు మళ్ళీ చుట్టుకుంటూ.

"చదవలేదు తాతా. నేస్తాది."

"చదవకుండానే ఇట్లుంటే, నిన్ను గూడా చదివిస్తే ఇంక నాకు ఈడ పనేముంది? తాడు పెన్నలో పారేసి ఇంటికి పోతా."

తిరుగు ప్రయాణంలో అమ్మ నా జడ పట్టుకోలేదు. జమ్మలమడుగు దాటిన తర్వాత, కిటికీలోంచి బయటికి చూస్తూనే అడిగింది, "ఏం పేరన్నారు అయ్యోరు దానికి?" నిష్పత్తి అని చెప్పాను. పెదవులు కదిలించి, శబ్దం రాకుండా రెండుసార్లు అనుకుంది. "ఇట్లాటియి ఇంకా ఉండాయా?" అన్నది. "ఎనిమిదిలో శానా ఉంటాయంట" అన్నాను. నా చదువు సంగతి ఎత్తే ధైర్యం నాకు లేదు.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఎంత అని ఆ రాతి అరుగు మీద కూర్చుని కొలుచుకోవడానికి ప్రయత్నించాను. పోయినవి కొన్ని ఉన్నాయి. నీడ జరిగేలోపు కొలవాలన్న తొందర పోయింది. తప్పు చేసి, ఆ తప్పు ఎక్కడ ఉందో వెతుక్కునే మధ్యాహ్నాలు పోయాయి. కానీ లాభం తక్కువది కాదని నిజాయితీగా చెప్పాలి. పోయిన నెల మేము వెళ్ళిన బస్సులో సగానికి పైగా ఆడపిల్లలే. ఒక్కరి జడ కూడా ఎవరి చేతిలోనూ లేదు. ఎనిమిదికి పోతారా అని వాళ్ళను అడిగితే ఆ ప్రశ్నే వాళ్ళకు అర్థం కాలేదు. నేను లేచి, ఫోను పట్టుకున్న అమ్మాయిని పిలిచి, ఒక కట్టె వెతికి తెమ్మన్నాను. అరగంటలో పదిమంది నీడ చుట్టూ చేరారు. "ఫోనుదీ మనదీ ఒకటే వచ్చింది మేడమ్!" అని ఆ అమ్మాయి అరిచినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన గర్వం నాకు బాగా తెలిసినదే.

చిన్నప్పుడు ఆ గండికోట యాత్ర నుంచి తిరిగివచ్చిన మూడవ నాడు పొద్దున, కాస్త ఆలస్యంగా మా పడుగు వీధిలోకి వచ్చింది. వీధి వీధంతా అక్కడే ఉంది. అమ్మ ఒక పక్క, నేను ఒక పక్క కుంచెలు పట్టుకుని గంజి పట్టిస్తూ నడుస్తున్నాము. ఎదురింటి చెన్నమ్మ పెద్దమ్మ ఉన్నట్టుండి అడిగింది, "ఏం లక్ష్ముమ్మా, పరీక్షలు అయినాక పాపను మా ఇంట్లో గూడా కండెలకు పంపుతావా? కోడలు పుట్టింటికి పోయింది."

నా కుంచె ఆగిపోయింది. అమ్మ కుంచె ఆగలేదు.

"పంపనక్కా" అన్నది, వీధి ఆ చివర దాకా వినిపించేటట్టు. "మా ఇంట్లోకే వేరే మనిషిని చూసుకోవల్ల. పాప ఎనిమిదికి పొద్దుటూరు పోతాది."

నాయన పడుగు చివరన నిలబడి ఉన్నాడు. తల ఎత్తి అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు, మళ్ళీ నూలు వైపు చూసి నవ్వుకున్నాడు. 

"ఆడపిల్ల, అంత దూరం పోయి ఏం నేర్చుకోనొస్తాదిమే?" అన్నది పెద్దమ్మ.

"నాకు తెలిసినవాటికన్నిటికీ పేర్లు ఉండాయంట. అయి నేర్చుకోనొస్తాది."

అప్పుడే ఊరి చివర నుంచి బడి మొదటి గంట వినిపించింది. పడుగు ఇంకా సగమే అయింది. అమ్మ చెయ్యి చాచి, నా చేతిలోని కుంచె తీసుకుని, రెండు చేతులతో రెండు కుంచెలు పట్టుకుని నిలబడింది.

"గంట కొట్టినారు. ఇంకా నిలబడినావేంది? పో."